జపాన్ పాటకి ఖాకీ లైనింగ్

నాకు కోపం ఎక్కువని మొఘల్‌పురాలో నా దగ్గర జాకెట్లు కుట్టించుకునే ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఆది జాకెట్టు తేకుండా "నువ్వే అందాజుగ కుట్టు అక్కా" అనేవాళ్ళ మీద అరుస్తాను. పండగ నెత్తిమీదికొచ్చాక బట్ట తెచ్చేవాళ్ళ మీద అరుస్తాను. అరిచి, మరుక్షణం మర్చిపోయి చాయ్ పోస్తాను. ఒక్క కోపం మాత్రం మర్చిపోలేదు, మర్చిపోయే ఉద్దేశం కూడా లేదు. అది నా తమ్ముడి మీద. ఎందుకని అడిగితే నవ్వుతారు. ఒక జపాన్ పాట గురించి.

తమ్ముడు సర్కారు బస్సులో కండక్టరు. జల్‌పల్లిలో చిన్న ప్లాటు కొని రెండు గదులు వేసుకుని వెళ్ళిపోయాడు. నేను పాత అద్దె ఇంట్లోనే ఉండిపోయాను. ముందుగదిలో మిషను, వెనక గదిలో వంట. వాడి కూతురు మా వీధికి దగ్గర్లోనే ఆడపిల్లల కాలేజీలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ అయ్యాక నా దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. సాయంత్రం వాళ్ళ నాన్న డ్యూటీ దిగి వచ్చి తీసుకెళ్తాడు. ఆ మధ్యలో ఉండే రెండు మూడు గంటలు నా మేనకోడలు నాది. బొత్తాలు కుడుతుంది, కాజాలు చూసి పెడుతుంది, నా వంటకి వంకలు పెడుతుంది.

పాట ఆ పిల్ల ఫోన్లోంచి వచ్చింది. ఏడుగురు జపాన్ అమ్మాయిల జట్టట. సగం పాడతారు, సగం ర్యాప్ దంచుతారు. మొదట ఒక్క దెబ్బ, రోట్లో రోకలి పడ్డట్టు. తర్వాత ఏమీ ఉండదు. ఫోను ఆగిపోయిందేమో అనుకునేలోపు ఏడు గొంతులు ఒకేసారి మీద పడతాయి. మొదటిసారి విన్నప్పుడు నా కాలు పెడల్ మీద జారి, ఒక పెద్దమనిషి కూతురి లంగా అంచు వంకర పోయింది.

"ఏంది గీ లొల్లి? బంద్ జెయ్" అన్నాను.

"అత్తా, గిది ఆళ్ళ డెబ్యూ సింగిల్. ఫస్ట్ పాట. జర ఇను."

మొదటి పాటంటే ఏమిటో అప్పుడు చెప్పింది. ఏళ్ళ తరబడి నేర్చుకుంటారట. పాడటం, ఆడటం, నిలబడటం, నవ్వటం కూడా. అంతా అద్దాలున్న గదుల్లోనే. ఎవరూ చూడరు. ఒకనాడు ఒక పాటతో జనం ముందుకొస్తారు. ఆ తర్వాత వంద పాటలు పాడొచ్చు, పేరు రావచ్చు, రాకపోవచ్చు, మొదటి పాట మాత్రం ఇంకోటి ఉండదు. చెప్తున్నప్పుడు ఆ పిల్ల కళ్ళు చూశాను. ఎక్కడో జపాన్ పిల్లల సంగతి చెప్తున్నట్టు లేదు. నేను వంకర పోయిన అంచు విప్పుకున్నాను.

విషయం ఏమిటంటే, కాలేజీ వార్షికోత్సవంలో ఆ పాటకి ఆడాలని ఐదుగురు పిల్లలు పేర్లిచ్చారు. నలుగురు ఆడతారు, నా మేనకోడలు ఆడుతూ ర్యాప్ కూడా పాడుతుంది, అది కూడా జపాన్ మాటల్లోనే. రికార్డులో ఆ ముక్క వచ్చినప్పుడు మిగతా నలుగురూ వీపు తిప్పి నిలబడతారు, ఇది ఒక్కతీ ముందుకొచ్చి మైకు పట్టుకుంటుంది. ఎందుకు దీన్నే పెట్టారంటే అంత వేగంగా నాలుక తిరిగేది దీనికే. కండక్టరు బిడ్డ కదా. చిన్నప్పుడు వాళ్ళ నాన్న స్టాపుల పేర్లు ఊపిరాడకుండా చెప్తుంటే వెనకనుంచి అవే పేర్లు చెప్పేది.

రోజూ ఐదుగురూ నా ముందుగదిలోనే దుమ్ము లేపేవాళ్ళు. నా కోడలు ఆ జపాన్ మాటల్ని మార్కింగు సుద్దతో నా కటింగు బల్ల మీద తెలుగు అక్షరాల్లో రాసుకునేది. ఒకసారి చూసుకోక దాని మీదే ఒకామె నల్ల జాకెట్టు గుడ్డ పరిచాను. జపాన్ పాట మొత్తం గుడ్డ వెనక అచ్చు పడింది. అరిచాను. అరుస్తూనే బ్రష్షుతో దులిపాను. దులుపుతూ ఆ పాటే కూనిరాగం తీస్తున్నానని పిల్లలు పగలబడి నవ్వారు.

బట్టలు నేనే కుట్టాను. వీడియోలో ఆ ఏడుగురూ వేసుకున్న కోటు లాంటి నల్ల జాకెట్లు, ఎడమ చేతికి ఎర్ర పట్టీ, భుజాల మీద ఇత్తడి గుండీలు. గుండీల కోసం లాడ్ బజార్లో లేసుల దుకాణాలన్నీ తిరిగాను. నలుగురి జాకెట్లకి లోపల శాటిన్ లైనింగ్ వేశాను. నా కోడలు మాత్రం శాటిన్ వద్దంది.

"నాకు డాడీ ఖాకీ వెయ్ అత్తా."

ఇది మా ఇంటి ఆనవాయితీ. తమ్ముడికి డిపోలో యూనిఫారం బట్ట ఇస్తారు. వాడు ఉద్యోగంలో చేరినప్పటినుంచీ దాన్ని నేనే కుడుతున్నాను, వాడి ఖాకీ మీద ఇంకో టైలరు కత్తెర పడలేదు. మిగిలిన ముక్క ఎప్పుడూ ఈ పిల్లదే. బడికి పోయినప్పుడు పలకల సంచీ, తర్వాత టిఫిన్ బాక్సు సంచీ, నీళ్ళ సీసాకి తొడుగు, పెన్సిళ్ళ పర్సు. తోటి పిల్లలు "టికెట్, టికెట్" అని ఏడిపిస్తే ఇది ఏడవలేదు, సంచీ పైకెత్తి చూపించి వచ్చింది. ఆ కథ తమ్ముడు డిపో అంతా చెప్పుకున్నాడు.

"డాడీకి ఇంక చెప్పలే. జాకెట్ ఏస్కొని లోపల్ది తిప్పి చూపిస్త. చూసి నవ్వుతడు" అంది.

నాకూ అలాగే అనిపించింది. నవ్వుతాడనే అనుకున్నాను.

వాడు దాన్ని పిల్ల ఒంటి మీద చూడలేదు, దండెం మీద చూశాడు. ఆ సాయంత్రం కాస్త ముందొచ్చాడు. పిల్ల వెనక గదిలో మొహం కడుక్కుంటోంది. ఐదు జాకెట్లు ఇస్త్రీ చేసి వరసగా తగిలించి ఉన్నాయి. ఏం తోచక ఒకదాని అంచు పట్టుకున్నాడు. ఇన్నేళ్ళు ఒంటికి వేసుకున్న బట్ట, చేతికి తెలియదా. తిప్పి చూశాడు.

"ఇది నా ఖాకీ గదా. ఎవరిది గీ జాకెటు?"

చెప్పాను. పాట, కాలేజీ, ఐదుగురు, ర్యాపు, అన్నీ చెప్పాను. నేను చెప్పేకొద్దీ వాడి మొహం ముడుచుకుపోయింది. పిల్ల తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి అక్కడే నిలబడింది. చూపించి నవ్విద్దామనుకున్న జాకెట్టు అప్పటికే వాడి చేతిలో ఉంది.

"నా డ్యూటీ బట్ట ఏస్కొని స్టేజీ మీద ఎగురుతవా?" అన్నాడు.

అక్కడినుంచి మొదలైంది. మొదట, జాకెట్టు బిగుతుగా ఉందన్నాడు. సరే. ఎదిగే పిల్లలకి కుట్టేటప్పుడు నేను లోపల బట్ట వదిలే కుడతాను, అది నా చేతి అలవాటు. మర్నాడే రెండు పక్కల కుట్లు విప్పి, వదిలిన బట్టంతా బయటికి తీసి, రెండు వేళ్ళు వదులు చేశాను. నడుము దగ్గర పొట్టిగా ఉందన్నాడు. కింద ఎర్ర పట్టీ కలిపి పొడుగు చేశాను. ఐదింటికీ చేశాను, ఒక్కదానికే చేస్తే నా కోడలు వేరుగా కనపడుతుందని. ఆ నలుగురు పిల్లలూ ఒక్క మాట అనలేదు.

తర్వాత మగవాళ్ళు చూస్తారన్నాడు. ఆడపిల్లల కాలేజీ, ఆడవాళ్ళ హాలు, గేటు దగ్గర వాచ్‌మన్ తప్ప మగ పురుగు ఉండదన్నాను. ఆ తర్వాత పాట మీద పడ్డాడు.

"తెల్వని బాసల ఏం బూతులున్నయో ఎవనికెర్క?"

పిల్ల బల్ల మీద సుద్ద గీతలు చూపిస్తూ ఒక్కో వరసకీ అర్థం చెప్పింది. మమ్మల్ని ఎవరూ పిలవలేదు, మేమే వచ్చాం, కొంచెం జరగండి, మాకూ చోటివ్వండి. అంతే ఆ పాట. మొదటి పాటలో ఎవరైనా ఇంకేం చెప్పుకుంటారు? వాడు విన్నాడు. విని, "పరీక్షలున్నయి గదా" అన్నాడు.

అప్పుడు నా ఒళ్ళు మండిపోయింది. వాడు ఒక్కో అడ్డం పెట్టటం, నేను దాన్ని కత్తిరించి కుట్టి సరిచేయటం, వాడు ఇంకోటి పెట్టటం. బిగుతుంటే వదులు చేస్తాను, పొట్టిదైతే పొడుగు చేస్తాను. అసలు ఏది పట్టేసిందో చెప్పకుండా చుట్టూ తిప్పితే నేనేం కుట్టను?

"సాఫ్‌గ చెప్పు. ఏం కావాలె నీకు?" అన్నాను.

టికెట్ మిషను సంచీ పట్టీని లాగి సరిచేసుకున్నాడు. చివరికి బయటపెట్టాడు.

"అక్కా, గిప్పుడు అందరి చేతుల్ల ఫోన్లున్నయి. ఎవతో వీడియో తీస్తది, ఏడనో పెడ్తది. అది మా డిపో గ్రూపుల పడ్తది. గీమె నీ బిడ్డ గాదె అంటరు. నేనేం మొఖం పెట్టుకొని డ్యూటీ ఎక్కాలె?"

అదీ సంగతి. జాకెట్టూ కాదు, పాటా కాదు, పరీక్షలూ కాదు. డిపోలో వాడి మొహం. గురివింద తన కింద నలుపెరగదంటారు, నేను నా కళ్ళతో చూశాను. ఈ తమ్ముడే పాతికేళ్ళ వయసులో బోనాలప్పుడు ఫలహారం బండి ముందు తీన్మార్ ఆడితే వీధంతా మేడలెక్కి చూసేది. చొక్కా గుండీలు ఊడేదాకా ఆడేవాడు. ట్రాఫిక్ ఆపి ఆడేవాడు. మా అమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేసేది, అవి ఘాటు రాకపోతే "ఎంతమంది కండ్లు వడ్డయో నా కొడుకు మీద" అని మురిసిపోయేది. వాడి ఆటకి దిష్టి తీశారు. ఈ పిల్ల ఆటకి పరువు పోతుందట.

ఇదంతా వాడి మొహం మీదే అన్నాను. గట్టిగానే అన్నాను, పక్కింటి తలుపులు తెరుచుకున్నాయి.

"అది దేవుని పని" అన్నాడు. "నేను మొగోన్ని" అని కూడా అన్నాడు, చిన్నగా, చెప్పులేసుకుంటూ.

కార్యక్రమం నాడు నలుగురు పిల్లలూ పొద్దున్నే నా దగ్గరికొచ్చి తయారయ్యారు. వాళ్ళలో ఒకమ్మాయి తండ్రి ఆటో నడుపుతాడు, తనే అందర్నీ కాలేజీకి దింపుతానని వచ్చి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఐదో జాకెట్టు దండెం మీదే ఉంది. నేను మరదలికి ఫోన్ చేశాను. తమ్ముడు ఆ రోజు సెలవు పెట్టి, పిల్ల గడప దాటకుండా వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాడని చెప్పింది.

"పిల్ల అన్నం దిన్నది వదినా. ఏం లొల్లి జెయ్యలే. నువ్వెందుకు గింత పరేషాన్? కందకు లేని దురద కత్తిపీటకెందుకు?"

కందకి దురద లేదని ఎవరన్నారో నాకు తెలియదు. ఫోన్ పెట్టేశాను.

ఆటో భాయ్‌కి సంగతి అర్థమైంది. "మై జాకే సంఝాఊఁ క్యా అక్కా? మేరీ భీ బచ్చీ హై, బోల్తూఁ" అన్నాడు. తనకీ కూతురుంది కదా, పోయి నచ్చజెప్తానంటే నేను వద్దన్నాను. ఆయన వెళ్తే తమ్ముడికి ఇంకో సాకు దొరుకుతుంది, నా ఇంటి సంగతి వీధిలో ఆటోవాడికి ఎట్లా తెలిసిందని. ఆయన ఆ మాటకి నొచ్చుకోలేదు. తలూపి, పిల్లలకి జాకెట్లు నలగకుండా సీటు మీద తువ్వాలు పరిచాడు. తన కూతురు ఆడుతోందని ఆయన ఎవరికీ దాచలేదు, చాటలేదు కూడా. దింపాడు, సాయంత్రం ఎక్కించుకున్నాడు, అంతే. అంత సులువైన పని అది. అది చూసే నాకు ఇంకా కోపం వచ్చింది.

ఎవరో తీసిన వీడియో ఆ సాయంత్రం పిల్లలు చూపించారు. ఒక్క దెబ్బ పడింది, తర్వాత నిశ్శబ్దం, తర్వాత ఏడు గొంతులు. నలుగురూ బాగా ఆడారు. ర్యాప్ ముక్క వచ్చింది. నేర్చుకున్నట్టే నలుగురూ వీపు తిప్పి నిలబడ్డారు. ముందు ఎవరూ లేరు. మైకు స్టాండు ఒక్కటే ఉంది. రికార్డులో జపాన్ పిల్ల గొంతు గడగడా చెప్పుకుపోయింది, మేమే వచ్చాం, కొంచెం జరగండి. హాల్లో ఆడపిల్లలు అది కూడా డాన్సులో భాగమే అనుకుని ఈలలేసి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు విని నాకు ఏడుపొచ్చింది. మళ్ళీ చూపిస్తామంటే వద్దన్నాను.

మర్నాడు నా కోడలు ఎప్పటిలాగే వచ్చింది. వీడియో ఒక్కసారి చూసింది. ఫోను పక్కన పెట్టి, దండెం మీద జాకెట్టు తీసి ఒళ్ళో పెట్టుకుంది. నా డబ్బాలోంచి కుట్లు విప్పే బ్లేడు తీసుకుని లైనింగ్ విప్పటం మొదలుపెట్టింది. గుడ్డ ఎక్కడా తెగలేదు. చిన్నప్పటినుంచీ నా పక్కన కూర్చుని నేర్చుకున్న పని, నిదానంగా, ఒక్కో కుట్టూ తెంపి దారం ఊదుకుంటూ చేసింది. నేను ఆపలేదు. ఏమని ఆపను? ఖాకీ మొత్తం ఊడదీసి మడతపెట్టి బల్ల మీద పెట్టింది.

"గిది డాడీకి ఇచ్చెయ్ అత్తా. ఆయన డ్యూటీ బట్ట" అంది.

తమ్ముడు రాగానే చేతిలో పెట్టాను. "దీన్నేం జేస్కోవాలె?" అన్నాడు. అంటూనే టికెట్ సంచీలో కుక్కుకున్నాడు. ఇంటికి పోయేటప్పుడు పిల్ల వాడి వెనకే నడిచింది. మామూలుగా పక్కనే నడుస్తుంది.

ఆ ఏడాది యూనిఫారం బట్ట తెచ్చినప్పుడు నేను కుట్టనన్నాను. వీధి చివర మగవాళ్ళ టైలరున్నాడు, పొమ్మన్నాను. వాడు నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"గంత కోపమా అక్కా? ఒక్క పాట కోసం?"

"ఒక్క పాట గాదు. ఫస్ట్ పాట" అన్నాను.

వాడికి తేడా తెలియలేదు. పోయి అక్కడ కుట్టించుకున్నాడు. భుజం దగ్గర లూజు. చూసి సంతోషపడ్డాను, దాచుకోను.

పిల్ల ఇంకా నా దగ్గరికొస్తుంది. బొత్తాలు కుడుతుంది. పాట మాత్రం పెట్టదు. ఒకసారి నేనే ఉండబట్టలేక నా ఫోన్లో ఆ పాట వెతికి పెట్టాను. మొదటి దెబ్బ పడగానే లేచి మంచినీళ్ళకని వెనక్కి వెళ్ళింది, అయిపోయేదాకా రాలేదు. వచ్చే ఏడాది ఆడొచ్చు కదే అన్నాను. ఆ నలుగురూ వేరే పాట ఎత్తుకున్నారట, దానికి ఐదో మనిషి అక్కర్లేదట. ఎవరినీ తప్పు పట్టినట్టు చెప్పలేదు. ఉన్నమాట చెప్పింది.

ఆషాఢంలో బోనాలొచ్చాయి. తమ్ముడు కుటుంబంతో సహా మా ఇంటికొచ్చాడు, ఎప్పుడూ వచ్చినట్టే. ఊరేగింపు మా సందు మొగదలకి రాగానే పాత దోస్తులు వాడి చెయ్యి పట్టి లాగారు. వద్దు వద్దంటూనే పోయాడు. పొట్ట వచ్చింది, జుట్టు పలచబడింది, అయినా కాలు మాత్రం మర్చిపోలేదు. తీన్మార్ దెబ్బ పడేసరికి చొక్కా పై గుండీలు వాటంతటవే ఊడాయి. జనం చుట్టూ గుండ్రంగా నిలబడి ఈలలేశారు. బాగా ఆడాడు. అబద్ధం చెప్పను, బాగా ఆడాడు. అదే నా కడుపు మంట. ఆ కాళ్ళూ ఆ ఊపూ ఎవరికి వచ్చాయో నాకు తెలుసు, నా ముందుగదిలో రోజూ చూశాను.

మధ్యలో గుంపులోంచి బయటికొచ్చి, రొప్పుతూ, తన ఫోను కూతురి చేతిలో పెట్టాడు.

"బిడ్డా, జర వీడియో తియ్. మంచిగ రావాలె."

పిల్ల ఫోను తీసుకుంది. నేను దాని మొహంలోకి చూశాను, ఏమీ దొరకలేదు. రెండు చేతులతో కదలకుండా పట్టుకుని, వాడు ఎటు తిరిగితే అటు తిరుగుతూ, మొత్తం తీసింది. వాడు చేతులు పైకెత్తినప్పుడు చేతులూ వచ్చేలా వెనక్కి జరిగింది. డప్పులు ఆగాక వాడు చెమట కక్కుతూ నవ్వుతూ వచ్చి, తీసింది చూసుకున్నాడు. మస్తుగా వచ్చిందన్నాడు.

"డాడీ" అంది, మామూలు గొంతుతోనే. "మీ డిపో గ్రూపుల పెట్టాల్నా?"

"పెట్టు బిడ్డా. అందరు జూడనీ" అన్నాడు.

పెట్టింది. ఫోను వాడి జేబులో వేసి వచ్చి నా పక్కన నిలబడింది. నేను తమ్ముడి మొహం వైపే చూస్తూ ఉన్నాను, ఇప్పుడైనా తగులుతుందేమో అని. వాడు దోస్తులు పిలుస్తుంటే చొక్కా దులుపుకుంటున్నాడు. డప్పు మళ్ళీ మొదలైంది, వాడు మళ్ళీ గుంపులోకి పోయాడు.